చిత్తడి నేలకు కాపలా

మసాచుసెట్స్ రాష్ట్రంలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళిన నాలుగో రాత్రి దొంగలను చూశాననుకొన్నాను.

2024 మార్చి ఆఖరు. ఆష్లాండులోని లక్ష్మీదేవి గుడికి వెళ్ళి తిరిగి వస్తున్నాం. సన్నగా వాన పడుతోంది. ఆ దేశపు లెక్కన అది వెచ్చని వానేనట. నేను మాత్రం రెండు స్వెట్టర్లలో వణుకుతున్నాను. మా వీధి మలుపులో ఏడెనిమిదిమంది మనుషులు రెయిన్‌కోట్లు తొడుక్కొని, టార్చిలైట్లు పట్టుకొని, రోడ్డుమీద వంగి ఏదో వెతుకుతున్నారు. ఒకావిడ చెయ్యెత్తి మా కారు ఆపింది. డెబ్భై ఏళ్ళకు తక్కువుండవు. ఆవిడ రెండో చేతిలో జానెడు పొడుగున, నల్లటి ఒంటిమీద పసుపు బొట్లు పెట్టినట్టు, బల్లిలాంటి జంతువొకటి ఉంది.

"రామ రామ!" అంది మా ఆవిడ. గుడినుంచి వస్తూ బల్లిని చూడవలసి వచ్చిందే అని ఆమె బాధ.

అది బల్లి కాదు, సాలమాండరు. కప్పకు దాయాది. ఏడాదిలో చాలాభాగం అడవిలో నేలకింద దాగి ఉండి, చలి విరిగి తొలి వానలు పడిన రాత్రులలో గుడ్లు పెట్టడానికి గుంటలు వెతుక్కుంటూ వెళుతుంది. ఆ గుంటలు వసంతంలో నిండి వేసవికి ఎండిపోతాయి. ఎండిపోతాయి గనుక వాటిలో చేపలుండవు. చేపలుండవు గనుక గుడ్లు దక్కుతాయి. మనుషులు మధ్యలో రోడ్డు వేశారు. అదే రాష్ట్రంలో ఆమ్హెర్స్ట్ అనే ఊళ్ళో వీటికోసం 1987లోనే రోడ్డుకింద చిన్న సొరంగాలు కట్టారు. మావాడి ఊళ్ళో అవి లేవు కాబట్టి మనుషులే చేతులతో ఎత్తి అవతల దింపుతున్నారు.

"పనిలేని వాళ్ళు" అన్నాను కారు కదిలాక.

"ఆ పెద్దావిడ మా ఊరి కన్సర్వేషన్ కమిషన్ మెంబరు, నాన్నా" అన్నాడు మావాడు.

అదేదో పెద్ద ఉద్యోగం కాబోలుననుకొని ఊరుకున్నాను.

మే నెల వచ్చింది. ఇంట్లో కూర్చుంటే పొద్దు పోదు. పెరడు చూస్తే ఎకరంలో సగముంది. గడ్డి పెంచి, గడ్డి కోసి, మళ్ళీ గడ్డి పెంచడం తప్ప దానితో వాళ్ళకు మరో పని లేదు. వెనక పల్లంలో పొదలు, వాటి అవతల బురద. ఆ బురదలో చేమాకుల్లాంటి పెద్ద పెద్ద ఆకులు! మా ఆవిడ ఒక ఆకు తుంచి వెంటనే ముక్కు మూసుకుంది. దాన్ని స్కంక్ క్యాబేజీ అంటారట. పేరుకు క్యాబేజీయే గాని కులం మన చేమ, కందలదే. ఇంత మంచి నల్లమట్టిని కంపుమొక్కలకు వదిలెయ్యడం నాకు నచ్చలేదు. పిల్లలిద్దరూ ఆఫీసులకు వెళ్ళిన నాలుగు రోజుల్లో పొదలన్నీ కొట్టి, నేల తవ్వి, గోంగూరకూ బీరకూ సొరకూ మడులు కట్టాను. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో కుర్చీ అరగదీసినవాణ్ణి. ఆ మడులు చూసుకుంటే ఒళ్ళు పొంగింది.

పదిహేను రోజుల తరువాత మావాడి పేర ఒక ఉత్తరం వచ్చింది. చిత్తడి నేలను పాడుచేశారు, పని ఆపండి, ఫలానా తేదీ రాత్రి ఏడు గంటలకు టౌన్ హాలుకు రండి అని. కోడలు చదివి, "మావయ్యగారూ, కంగారు పడకండి" అంది. ఆ మాటతోనే నాకు కంగారు పట్టుకుంది. పరాయిదేశంలో, ఆర్నెల్ల వీసామీద వచ్చి, కొడుక్కి నోటీసు తెచ్చిపెట్టిన తండ్రిని నేనే!

ఈ సంఘం కథ తరువాత మావాడిచేత చెప్పించుకొన్నాను. 1957లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. సముద్రపు ఒడ్డున ఇప్స్విచ్ అనే పాత ఊరుంది. అక్కడివాళ్ళు తమ ఉప్పునీటి చిత్తడిని కాపాడుకొనే దారి వెతుక్కోవడంలోంచి అది పుట్టింది. ఏ ఊరైనా ముగ్గురి నుంచి ఏడుగురి దాకా పౌరులతో పరిరక్షణ సంఘం పెట్టుకోవచ్చు. మూడేళ్ళ పదవి, జీతం సున్న. మొదట్లో వీళ్ళ పని సలహాలివ్వడం, ఊరికోసం ఖాళీ భూములు సంపాదించడం. 1972లో చిత్తడి నేలల చట్టం వచ్చి నిజమైన అధికారం చేతికిచ్చింది. ఇప్పుడు ఆ రాష్ట్రంలోని 351 ఊళ్ళకూ ఇటువంటి సంఘాలున్నాయి. చిత్తడికి నూరడుగుల లోపల ఇల్లు కట్టాలన్నా, నేల తవ్వాలన్నా వీళ్ళ అనుమతి కావాలి. ఏడాది పొడుగునా పారే ఏటి ఒడ్డునైతే, 1996 చట్టం ప్రకారం సాధారణంగా రెండు వందల అడుగులు. నేను మడులు కట్టింది పన్నెండడుగుల దూరంలో.

ఒక శనివారం పొద్దున్న ఐదుగురు వచ్చారు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఒకాయన ప్లంబరు, ఒకాయన లాయరు, ఒకమ్మాయి చంటిపిల్లను వీపున కట్టుకొని వచ్చింది. వాళ్ళలో మన వానరాత్రి పెద్దావిడ! రిటైరైన సైన్సు టీచరట. ఆవిడ ఒక ఇనుప గొట్టాన్ని మెలితిప్పుతూ నేలలోకి దింపి, పైకి తీసి, మట్టిని నా అరచేతిలో పెట్టింది. పైన నల్లగా ఉంది. కింద బూడిదరంగు, మధ్యమధ్య తుప్పు మరకలు. ఏడాదిలో చాలాకాలం నీటిలో నానే మట్టి అలా ఉంటుందట. కసరుతుందేమో అనుకొన్నాను. కసరలేదు. పీకిపారేసిన పొదల్లో ఒకదాన్ని ఎత్తి, "ఇది బ్లూబెర్రీ" అని మాత్రం అంది. మా మనవరాలు రోజూ పొద్దున్న తినేది అదే. నాకు తల కొట్టేసినట్టయింది.

టౌన్ హాలులో మా వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర. అప్పటిదాకా ఒకడి కారుషెడ్డు గురించి నలభై నిమిషాలు! ఆ సంఘాలంటే గిట్టనివాళ్ళూ చాలామందే. ఇళ్ళు దొరక్క జనం అల్లాడుతుంటే, కొత్త ఇళ్ళు రాకుండా అడ్డుకోడానికి ఇరుగుపొరుగులు కప్పలను సాకుగా వాడుకుంటారని వాళ్ళ ఫిర్యాదు. అందులో కొంత నిజముందని నాకు అక్కడ కూర్చుంటేనే తెలిసింది. కారుషెడ్డుమీద లేచినవాళ్ళలో ఒకాయన బాధ నీటి గురించి కాదు, తన కిటికీలోంచి కనబడే దృశ్యం గురించి. అయితే మెంబర్లు ఆయన్ని మర్యాదగానే కూర్చోబెట్టారు.

నన్ను ఏమైనా చెబుతారా అని అడిగారు. క్షమాపణ రెండు ముక్కలు బట్టీపట్టి వెళ్ళాను. లేచాక అది రాలేదు. "ఈ బురద ఉండి ఎవరికి లాభం?" అని అడిగాను.

పెద్దావిడ చార్లెస్ నది సంగతి చెప్పింది. బోస్టను పక్కనుంచి పోయే నది అది. వరదలకు విరుగుడుగా ఆనకట్టలు కట్టాలా అని సైన్యపు ఇంజనీర్లు లెక్కలు వేస్తే, ఎగువనున్న చిత్తడి నేలలే ఆ నీటిని పీల్చి మెల్లగా వదులుతున్నాయని తేలింది. వాటిని వాటిలాగా ఉంచడమే చవక. 1974లో అనుమతి వచ్చింది. పదిహేడు చోట్ల, ఎనిమిది వేల ఎకరాల పైచిలుకు కొని లేదా హక్కులు తీసుకొని, అలాగే వదిలేశారు. "మీ అబ్బాయి పెరడు కూడా ఒక చిన్న స్పంజి ముక్క" అంది.

మా ఆవిడ నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

హైదరాబాదులో మా ఇల్లు ఒక చెరువు పక్క. చెరువు పక్క అని మేమంటాం. పాత నక్షాలో ఆ సర్వే నంబరుకు శిఖం అని రాసి ఉంటుంది. చెరువు నిండితే మునిగే నేల అన్నమాట. కొనేటప్పుడు, "ఇక్కడ నీళ్ళుండేవిటగా?" అని మా ఆవిడ అడిగింది. "ఎప్పుడో" అన్నాను. కాగితాలు సవ్యంగా ఉన్నాయని అమ్మినవాడు చెప్పాడు. చవకగా వస్తోంది గనుక నేనూ నమ్మదలచుకొన్నాను. 2020 అక్టోబరు వానలకు నడుంలోతు నీళ్ళు ఇంట్లోకొచ్చాయి. రెండు రాత్రులు మేడమీద గడిపాం. మా ఆవిడ పెళ్ళినాటి పట్టుచీరలు, పిల్లల చిన్నప్పటి ఫొటోలు అన్నీ పోయాయి. ప్రభుత్వాన్ని, ఇంజనీర్లను, ఆకాశాన్ని తిట్టాను. నక్షా మాట ఎవరితోనూ ఎత్తలేదు.

ఆ సభలో అది చెప్పేశాను. నా బ్యాంకు ఇంగ్లీషులో, తడుముకుంటూ. మావాడికే ఆ శిఖం సంగతి తెలియదు. తల తిప్పి నాకేసి చూశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఏమీ అనలేదు. అధ్యక్షుడు కాస్సేపాగి తీర్మానం చదివాడు: జరిమానా లేదు, మడులు తీసి నేల చదును చెయ్యాలి, ఆ నేలకు అలవాటైన పొదలు ఇరవైనాలుగు నాటాలి, రెండేళ్ళ తరువాత వందకు డెబ్భైఐదు బతికి ఉండాలి. ఐదుగురూ చేతులెత్తారు.

కారులో మావాడు చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లు చేరాక, "ఆ ఇల్లు ఇంకా ఉంచుకుందామా నాన్నా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మొక్కలు జూన్‌లో నాటాం. గోతులు నేనే తవ్వాను. పెద్దావిడ ఒక సాయంత్రం వచ్చి గోతుల లోతు చూసి పోయింది. మా ఆవిడ ఇచ్చిన పకోడీలు కాగితంలో కట్టించుకొని మరీ వెళ్ళింది. గోంగూర ఇంటి ముందు తొట్లలోకి మారింది, బాగానే కాసింది. సెప్టెంబరులో విమానం ఎక్కేముందు వెనక్కి వెళ్ళి లెక్కపెట్టాను. ఇరవైఒకటి పచ్చగా ఉన్నాయి. మూడింటిని జింకలు మొదలంటా కొరికేశాయి. వాటి చుట్టూ తీగవల కట్టమని మావాడికి చెప్పి వచ్చాను.