కాలు తీసెయ్యక ముందే చెయ్యాల్సినవి చాలా ఉన్నాయి



పోస్టు కొంచెం పెద్దది. ఇంట్లో చుట్టో బీడీయో కాల్చే పెద్దోళ్లు ఉంటే మాత్రం చివరిదాకా చదవండి.

మాది సీతంపేట ఏజెన్సీ. మా పెదనాన్నకి 42 ఏళ్లు. మూడేళ్లుగా సంత నుంచి కొండెక్కుతుంటే అరికాలు, పిక్క పట్టేసేవి. కూర్చుంటే తగ్గేది, నడిస్తే మళ్లీ మొదలు. ఊళ్లో అందరూ వాతమన్నారు. సూదులేసే ఆయన వచ్చినప్పుడల్లా ఒక నొప్పి సూది వేసి పోయేవాడు. కిందటి చలికాలం వచ్చేసరికి రాత్రి నిద్ర లేదు, బొటనవేలి కొస నల్లబడింది. "ఆసుపత్రికెళ్తే కాలు తీసేస్తారు, నేను రాను" అని ఒకటే మాట. మేం అన్నదమ్ముల పిల్లలం ముగ్గురం బతిమాలి విశాఖ తీసుకెళ్లాం.

డాక్టరు గారు చేతికీ, చీలమండకీ బీపీ చూసి రెండూ పోల్చారు. స్కానింగులు చేయించారు. బర్గర్స్ డిసీజ్ అన్నారు. 1908లో లియో బర్గర్ అనే డాక్టరు న్యూయార్క్‌లో దీన్ని వివరంగా రాశాడు, అందుకే ఆ పేరు. కాళ్లూ చేతుల్లోని చిన్న రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. ఎక్కువగా 45 ఏళ్ల లోపు పొగాకు వాడేవాళ్లకే వస్తుంది. మూసుకుపోయేవి చిన్న నాళాలు కాబట్టి బైపాస్ ఆపరేషన్ చాలామందికి కుదరదు. అంటే కత్తి లేకుండా నొప్పిని అదుపులో పెట్టడమే ముఖ్యం.

మొదటి మందు పొగాకు పూర్తిగా మానడం. రోజుకి ఒక్క బీడీ అయినా జబ్బు ముదురుతూనే ఉంటుంది. ఖైనీ కూడా అంతే. వేలు కుళ్లకముందే మానేస్తే కాలు నిలిచే అవకాశం చాలా ఎక్కువ.

రెండోది నడక. పుండు లేనివాళ్లు డాక్టర్ని అడిగి, నొప్పి బాగా వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. అలా అరగంట పైన, వారానికి మూడుసార్లు, మూడు నెలలు చేస్తే నడిచే దూరం పెరుగుతుంది. పుండు ఉంటే ముందు అది మానాలి.

మూడోది పాదం జాగ్రత్త. చలికి కాళ్లు నెగడు దగ్గర పెట్టొద్దు. స్పర్శ తగ్గిన కాలు కాలినా తెలీదు. మేజోళ్లు తొడగాలి, చెప్పుల్లేకుండా పోడుకి వెళ్లకూడదు. రాత్రి నొప్పికి కాలు దిండు మీద ఎత్తితే ఎక్కువవుతుంది, మంచం కిందకి వేలాడదీస్తే కొంత తగ్గుతుంది. పసరు కట్టే పెద్దోళ్లని మేం తక్కువ చెయ్యట్లేదు, కానీ ఈ కాలికి కట్టు బిగిస్తే వచ్చే కొంచెం రక్తం కూడా ఆగిపోతుంది.

నాలుగోది నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. మన పక్కనే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కూల్చిందో తెలుసు కదా. మాత్ర ఏదో, ఎన్ని రోజులో డాక్టరే చెప్పాలి. రక్తం పారడానికి ఇచ్చే సిలోస్టజాల్ కూడా గుండె బలహీనత ఉన్నవాళ్లకి పనికిరాదు.

మా పెదనాన్నకి మందులకన్నా చుట్ట మానడమే కష్టమైంది. మన దగ్గర నలుగురు పెద్దమనుషులు కూర్చుంటే చుట్ట చేతులు మారాల్సిందే. అందుకే మేం ఊరి పెద్దలతోనే మాట్లాడాం. ఆయన చేతికి ఎవరూ చుట్ట ఇవ్వకూడదని వాళ్లే మాట అనుకున్నారు. ఆ మాట నిలబడింది. వేలి కొస రాలిపోయింది గానీ కాలు నిలిచింది. ఇప్పుడు రాత్రుళ్లు నిద్రపోతున్నాడు.

పొగాకు సంగతి కాళ్లతో ఆగదు. శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగ తాగే పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అంగిట్లో వచ్చే మార్పుల మీద 1971లోనే పరిశోధన అచ్చయింది. మన అమ్మమ్మలకి ఆ సంగతి ఎవరు చెప్పారు? చదువుకున్న మనమే చెప్పాలి.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు పెద్దోళ్ల పాదాలు పట్టి చూడండి. ఒక కాలు చల్లగా ఉందా, వేలి రంగు మారిందా, నడుస్తూ మధ్యలో ఆగుతున్నారా అడగండి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, తెల్లబడి, తిమ్మిరెక్కితే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. పొగాకు మానాలనుకునేవాళ్లకి ఉచిత నంబరు 1800-11-2356. మీ ఊళ్లో ఇలాంటి నొప్పితో ఎవరైనా ఉంటే కామెంట్లో రాయండి, మేం తోడు వస్తాం.