అడగకున్నా చెప్పవలసిన మాట

కొత్త బండి కొనేవారికి కంపెనీ హామీ ఉంటుంది, షోరూము రసీదు ఉంటుంది. పాత బండి కొనేవారికి చాలావరకు అమ్మేవారి మాట, కొనేవారి కళ్ళు, ఇవే ఆధారం. అందుకే ఇస్లాం క్రయవిక్రయాలను కేవలం డబ్బు వ్యవహారంగా చూడలేదు. నమాజు, ఉపవాసాల మాదిరిగానే బేరసారాలు కూడా దాసుని చిత్తశుద్ధికి పరీక్షేనని బోధించింది. తూనికలు, కొలతలలో మోసగించేవారిని హెచ్చరిస్తూ దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక సూరాయే ఉన్నది. అది 83వ సూరా, అల్ ముతఫ్ఫిఫీన్. ఇటీవల మా కుటుంబం ఒక పాత ఎస్‌యూవీ కొన్నది. ఆ సందర్భంలో ఈ పరీక్ష ఎటు వైపు నుండి వస్తుందో మాకు తెలిసి వచ్చింది. పాఠక సోదర సోదరీమణులకు ఉపయోగపడవచ్చునని భార్యాభర్తలం ఇద్దరమూ కలిసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మాది గుడిబండ. శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దు పక్కనున్న మండల కేంద్రం. మా వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. మంచి వైద్యం కావాలంటే మడకశిర మీదుగా హిందూపురం వెళ్ళాలి. ఇంకా పెద్ద జబ్బైతే అనంతపురమో, బెంగళూరో. ఇంట్లో మేము అయిదుగురం: అమ్మగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. మా పాత చిన్న కారులో సీటు బాగా కిందికి ఉండేది. ఆమెను కూర్చోబెట్టడానికి ఒకరు, లేపడానికి ఇద్దరు కావలసి వచ్చేది. సీటు నడుము ఎత్తులో ఉండే బండి అయితే పక్కకు తిరిగి కూర్చుంటే చాలు, దిగేటప్పుడు కాళ్ళు నేలకు ఆనుతాయి. ఎస్‌యూవీ కోసం మేము వెదకడానికి కారణం ఇదే తప్ప ఆడంబరం కాదు.

బంధువులు ఏడుగురు కూర్చునే బండి తీసుకొమ్మన్నారు. రెండు పండుగలకు వచ్చే చుట్టాల కోసం ఏడాది పొడుగునా పెద్ద బండిని మేపలేమని, అయిదు సీట్ల మధ్యరకం బండి చాలునని నిర్ణయించుకున్నాము. చేతిలో కొంత సొమ్ము ఉన్నది. పాత కారు అమ్మితే లక్షా అరవై వేలు వస్తుందని అంచనా. వడ్డీ అప్పు జోలికి పోరాదన్నది మా ఇంటి నియమం కాబట్టి ఆ రెండింటి మొత్తమే మా హద్దు.

ఈ ప్రాంతంలో మధ్యరకం ఎస్‌యూవీ అనగానే ఎవరి నోటనైనా మొదట వచ్చే పేరు సెల్టోస్. కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని పెనుకొండ మండలంలో ఏడాదికి మూడు లక్షల బండ్లు తయారుచేయగల కర్మాగారం కట్టింది. అక్కడ తయారైన తొలి బండి సెల్టోస్ 2019 ఆగస్టు 22న మార్కెట్‌లోకి వచ్చింది. అప్పటి ప్రారంభ ధర 9 లక్షల 69 వేలు. మన పిల్లలు పనిచేసే చోట తయారైన బండి అన్న అభిమానం ఈ ప్రాంతంలో చాలామందికి ఉన్నది. అయితే అభిమానం వేరు, పరిశీలన వేరు. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ జరిపిన ప్రమాద పరీక్షలో ఈ బండికి పెద్దల రక్షణలో అయిదింటికి మూడు నక్షత్రాలు, పిల్లల రక్షణలో రెండు మాత్రమే వచ్చాయి. 2022 ఆగస్టు నుండి అన్ని రకాల సెల్టోస్‌లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇవ్వసాగారు. మొదట్లో, ఖరీదైన రకాలను మినహాయిస్తే, రెండే ఉండేవి. ఆరున్న బండి మా హద్దుకు అందలేదు. అందుకని వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోనిదే బండి కదలకూడదన్న కట్టుబాటు మొదటే చేసుకున్నాము.

డీజిలా, పెట్రోలా అన్నది తరువాతి ప్రశ్న. కొత్త తరం డీజిల్ బండ్లలో మసిని పట్టే వడపోత ఉంటుంది. అది తనంతట తాను శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు పెద్ద రోడ్డు మీద నిలకడగా చాలాసేపు నడవాలి. బడికీ, సంతకూ తిరిగే ఇంట్లో ఆ అవకాశం తక్కువ. నెలకు ఆరేడు వందల కిలోమీటర్లు తిరిగే మాకు పెట్రోలే మేలని తేలింది.

బెంగళూరు దగ్గర కాబట్టి అక్కడి బండ్లు ఇక్కడికి చాలా వస్తాయి, ధర కూడా తక్కువగానే కనబడుతుంది. కాని బండి కర్ణాటక రిజిస్ట్రేషన్‌తో ఉంటే అక్కడి రవాణా శాఖ నుండి నిరభ్యంతర పత్రం తేవాలి. బండి వయసును బట్టి మన రాష్ట్రంలో జీవిత పన్ను మళ్ళీ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఇవన్నీ కలిపి లెక్కవేస్తే చవక అనుకున్నది చవక కాదు. పైగా 2022 సెప్టెంబరు వరదల్లో బెంగళూరులో ఎన్నో కార్లు నీట మునిగాయి. మేము చూసిన మొదటి బండి అద్దంలా మెరుస్తున్నది. మాతో వచ్చిన మేస్త్రీ వెనుక సీటు బెల్టును చివరిదాకా లాగి చూపించారు. లోపలి భాగంలో నీరు నిలిచిన గీత! సీటు కింద పట్టాల్లో ఎండిన ఒండ్రు, బోల్టులకు తుప్పు. అమ్మకందారు ఆ మాట ఎత్తనే లేదు. రెండవ బండి మీటరు నలభై వేల కిలోమీటర్లు చూపింది. కాని బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయింది. టైర్ల అంచున ఉండే నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. వాటిని బట్టి నాలుగు టైర్లూ అప్పటికే ఒకసారి మార్చినవని తెలిసింది. సర్వీసు కాగితాలు అడిగితే పోయాయన్నారు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడి గింజలను అందరికీ కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించారు, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. ఆ సీటు బెల్టును చూసిన రోజు దారి పొడుగునా మేము ఈ హదీసునే చెప్పుకున్నాము. అప్పటికి అది ఇతరుల గురించి చెప్పుకున్న మాట.

మూడవ బండి ధర్మవరంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయునిది. 2020 నాటి పెట్రోలు సెల్టోస్. మేము బానెట్ ఎత్తకముందే ఆయన చెప్పారు: "ఎడమ వెనుక తలుపు గీసుకుపోతే రంగు వేయించాను. ఏసీ చల్లదనం తగ్గింది, చూపించుకోవాలి." సర్వీసు బిల్లులన్నీ తేదీల వరుసలో కుట్టి పెట్టారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి చూశాము. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతున్నట్లు, తెల్లపొగ ఆగకుండా వస్తే చల్లబరిచే నీరు లోపలికి పోతున్నట్లు. రెండూ లేవు. ధర 7 లక్షల 60 వేలు, తగ్గించనన్నారు. పది రోజులు ఆగుతానన్నారు.

ఇక మా పాత కారు అమ్మాలి. నాలుగేళ్ళ క్రితం దానిని ఒక లారీ గుద్దింది. ముందు ఎడమ వైపు ఛాసిస్ వంగితే సరిచేసి వెల్డింగ్ చేయించాము. పని ఎంత బాగా కుదిరిందంటే తెలిసినవారు చూపితే తప్ప కనబడదు. పక్క ఊరి నుండి ఒక యువకుడు వచ్చాడు. టైర్లు చూశాడు, పాటల పెట్టె మోగించి చూశాడు. "అన్నా, మీరు చెప్పిన రేటుకే తీసుకుంటా. లక్షా అరవై," అన్నాడు. బండి గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. మర్నాడు డబ్బుతో వస్తానని వెళ్ళాడు.

ఆ రాత్రి ఇంట్లో చర్చ జరిగింది. దగ్గరి బంధువు ఒకరు, "అతడు అడగలేదు, మీరు అబద్ధం చెప్పలేదు. ఇందులో పాపమేమున్నది?" అన్నారు. ఆ మాటలో బలం లేకపోలేదు. పైగా నలభై వేలు తగ్గితే ధర్మవరం బండి చేజారుతుంది, అమ్మగారి ప్రయాణాలు మళ్ళీ మొదటికి వస్తాయి. కాని ఆ వారమంతా మేము వేసిన ప్రశ్నలు మా చెవుల్లోనే ఉన్నాయి. వరద మాట చెప్పని అమ్మకందారును కూడా మేము అడగలేదు, మేస్త్రీ పట్టుకున్నాడు. ఈ యువకుని వెంట మేస్త్రీ లేడు. అంతే తేడా. కొనేవారూ అమ్మేవారూ నిజం చెప్పి, లోపాలను వివరించుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకు పోతుందని దైవప్రవక్త (స) బోధించారు. అడిగితేనే చెప్పాలన్న షరతు అందులో లేదు. అంతవరకూ మౌనంగా ఉన్న అమ్మగారు, "ఆ పిల్లోడు గూడా వాళ్ళమ్మను అందులోనే కూర్చోబెట్టుకుంటాడు గదా," అన్నారు. చర్చ అక్కడితో ముగిసింది.

మర్నాడు అతనికి వెల్డింగ్ జాగాను టార్చి వేసి చూపించాము. చాలాసేపు చూశాడు. ఇంట్లో అడిగి వస్తానన్నాడు. మళ్ళీ రాలేదు. వారం తరువాత, విషయమంతా తెలిసిన మరొకరు లక్షా పద్దెనిమిది వేలకు తీసుకున్నారు. నిజం చెప్పినందుకు మాకు లాభం చేకూరిందని చెప్పలేము. చెప్పినందుకు పోయినది నలభై రెండు వేలు. ఆ లోటును మా తమ్ముడు వడ్డీ లేని రుణంగా ఇచ్చాడు. బఖరా సూరా 282వ ఆయతు ఆదేశించినట్లు గడువుతో సహా కాగితం రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నాము. అన్నదమ్ముల మధ్య కాగితం ఎందుకని తమ్ముడు నొచ్చుకోలేదు. బంధం చెడకుండా ఉండడానికే ఆ ఆదేశమని అతనికి తెలుసు.

కాగితాల విషయంలో కూడా ఇదే నిజాయితీ అవసరం. అమ్మిన వెంటనే 29, 30 నంబరు ఫారాలతో యాజమాన్య మార్పు చేయించాలి. పేరు మారకుండా బండి ఇచ్చివేస్తే, రేపు ప్రమాదం జరిగితే నోటీసు పాత యజమానికే వస్తుంది. బండిపై అప్పు ఉంటే అది తీరినట్లు 35వ నంబరు ఫారం, బ్యాంకు పత్రం చూడాలి. బీమాను 14 రోజులలోగా తమ పేరుకు మార్చమని కొన్నవారు దరఖాస్తు చేసుకోవాలి. పాత యజమాని పొందిన నో క్లెయిమ్ రాయితీ కొన్నవారికి రాదు. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

అల్లాహ్ దయవల్ల అమ్మగారు ఇప్పుడు ఎవరి సాయం లేకుండా బండి ఎక్కుతున్నారు. ఆ ఉపాధ్యాయుడు కుట్టి ఇచ్చిన బిల్లుల కట్టకు మేము ఒక నోటుపుస్తకం జతచేశాము. మొదటి పేజీలో ఎడమ వెనుక తలుపు రంగు సంగతి, రెండవ పేజీలో ఏసీ మరమ్మతు రాసి ఉన్నాయి. ఏ చిన్న దెబ్బ తగిలినా అందులో తేదీతో సహా రాసే పనిని మా పెద్దమ్మాయికి అప్పగించాము. ఎప్పుడో ఒకనాడు ఈ బండిని కూడా ఎవరో కొంటారు. వారు అడిగినా, అడగకపోయినా, తాళం చెవులకంటే ముందు ఆ పుస్తకం వారి చేతికి అందాలని మా కోరిక.