వేటకు రాయితీ, కాపలాకు ఏది?

ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రమైన బిలాస్‌పూర్‌లో, బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అలాంటి కుటుంబానికి చెందిన ఒక విశ్రాంత ఫిట్టర్, అచానక్‌మార్ అడవికి పోయే కోటా దారిలో కొంత వరిపొలం కొని, అధియాకు, అంటే సగం పంట పంచుకునే కౌలుకు, స్థానిక రైతు ఒకరికి ఇచ్చాడు. 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన ఆ అడవి హద్దుల గురించి అడవిపందులకు పట్టింపు లేదు.

క్వార్టర్స్ వెనుక ఆ ఫిట్టర్ ఖాళీ నూనె డబ్బాలను గట్టు తీగకు కట్టేందుకు సిద్ధం చేసే తీరు చూడదగినది. ఒక్కో డబ్బాలో ఒక పాత నట్టు వేలాడదీసి, బైండింగ్ వైరును పటకారుతో మూడు మెలికలు తిప్పి, చీకట్లో తడిమే చేతికి గుచ్చుకోకుండా కొసను లోపలికి వంచి, బొటనవేలితో ఒకసారి నిమిరి చూసుకుంటాడు. "ఏటి బాబాయ్, ఇన్ని కట్టినా పందికి భయమేదీ?" అని పొరుగువాడు అడిగితే, "రెండ్రోజులు భయపడతాది, మూడోనాడు అలవాటైపోతాది. పంది మేసిన వరి నాది, పంది చస్తే కేసూ నాదే" అన్నాడు.

ఆ మాట చట్టానికి దగ్గరగానే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పంటకు హాని చేసే జంతువును చంపాలంటే 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చినవారు గాని రాతపూర్వకంగా అనుమతించాలి. చచ్చి పడి ఉన్న పంది 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. బతికి ఉండగా అది మేసిన గింజల బాధ్యత మాత్రం అంత తొందరగా ఎవరూ తీసుకోరు.

అమెరికాలో ఈ లెక్క వేరు. మిషిగన్‌లో కనీసం 40 ఎకరాల ప్రైవేటు అడవిని వాణిజ్య అటవీ పథకంలో చేర్చిన యజమాని మామూలు ఆస్తి పన్నుకు బదులు ఎకరానికింతని స్వల్ప పన్ను కడతాడు, ప్రతిగా వేటగాళ్ళు కాలినడకన వస్తే అడ్డగించకూడదు. టెక్సాస్‌లో 1995 రాజ్యాంగ సవరణ తర్వాత, సాగు భూమిని వన్యప్రాణి పోషణకు మార్చినా తక్కువ పన్ను విలువే కొనసాగుతుంది.

ఈ పద్ధతిని ఇక్కడికి తేవాలనే వాదన మొదటి మెట్టులోనే తడబడుతుంది. వ్యవసాయాదాయాన్ని ఆదాయపు పన్ను చట్టమే మినహాయించింది గనుక, లేని పన్నులో తగ్గించేదేమీ లేదు. పైగా, 1947లో పొరుగున ఉన్న కొరియా సంస్థానాధీశుడు మూడు చీతాలను ఒకే రాత్రి కాల్చిన ఈ ప్రాంతంలో, వేట రాజుల విలాసమే గాని రైతు హక్కు కాదు.

మిషిగన్ నుంచి తీసుకోదగినది తుపాకీ కాదు, భూమి మీద వన్యప్రాణిని భరించినవాడికి ప్రభుత్వం బాకీపడుతుందనే ఒప్పుకోలు. అది లేనిచోట కొందరు పొలం చుట్టూ దొంగ కరెంటు తీగ పరుస్తారు, పంది కోసం పెట్టిన ఆ తీగకు ఏనుగులూ, మనుషులూ బలవుతున్నారు. పంట నష్టపరిహారం ఉన్నా అది పట్టా పేరును వెతుక్కుంటూ పోతుంది. పట్టా రైల్వే కాలనీలో ఉంటుంది. మంచె మీద రాత్రంతా డబ్బాల తీగ లాగుతూ కూర్చునేది అధియా రైతు. ఏ రాయితీ తెచ్చినా ముందు ఆ కౌలుదారు పేరు గ్రామ రికార్డులోకి ఎక్కాలి, దానికి మాత్రం ఫిట్టర్ లాంటి భూయజమానులే ఒప్పుకోరు.