కణితి వేయించుకునే దారులు

కణితి రక్తము త్రాగి పెరుగుతుందని మా వైపు పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాటను మూఢనమ్మకమని కొట్టివేయుటకు వీలులేదు, దానిలో కొంత నిజమున్నది. అయితే ఆ కొంత నిజమును పట్టుకొని రోగిచేత తిండి మాన్పించే ఇళ్లను మేము చూశాము గనుక ఈ సంగతిని ప్రియ చదువరుల యెదుట కొంచెము వివరముగా పెట్టదలచాము.

మన దేహములోని కణములు సన్నని రక్తనాళములకు దగ్గరగా ఉండవలసినదే. ప్రాణవాయువు నాళమునుండి బయటికి వచ్చి ఒకటి రెండు వెంట్రుకల మందమంత దూరమే వెళ్లగలదు. అందువలన కొత్తగా పుట్టిన కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు, అనగా ఆవగింజంత, అయ్యేసరికి ఆగిపోతుంది. సంవత్సరముల తరబడి అలాగే పడి ఉండవచ్చు. ఆపైన పెరగాలంటే దానికి సొంత నాళములు కావాలి.

ఈ సంగతిని పట్టుకున్నవాడు జూడా ఫోక్‌మన్ అనే అమెరికా శస్త్రవైద్యుడు, ఒక యూదు రబ్బీ కుమారుడు. 1960ల ఆరంభములో నౌకాదళ ప్రయోగశాలలో పనిచేస్తూ, దేహమునుండి వేరుచేసి సజీవముగా ఉంచిన థైరాయిడ్ గ్రంథిలో ఆయన, తన తోటివాడు కాన్సరు కణములను నాటారు. అవి కొద్దిగా పెరిగి ఆగిపోయాయి. వాటినే తీసి ఎలుకలో పెడితే విపరీతముగా పెరిగాయి. కణములు అవే, తేడా అంతా రక్తనాళములలో ఉన్నది. నాళములు రాకుండా ఆపితే కాన్సరును అదుపు చేయవచ్చునని ఆయన 1971లో ప్రచురించాడు. చాలామంది నమ్మలేదు. కణితి చుట్టూ కనిపించే నాళములు వట్టి వాపువలన వచ్చినవేనన్నారు. ఆయన మాత్రము వదలలేదు.

ప్రాణవాయువు చాలని కణితి ఒక పదార్థమును బయటికి వదులుతుంది. దానికి వి.ఇ.జి.ఎఫ్. అని పేరు. అది తగలగానే పక్కనున్న మంచి నాళములు కణితివైపు కొమ్మలు వేస్తాయి. గాయము మానేటప్పుడు, గర్భములో శిశువు పెరిగేటప్పుడు కూడ దేహము వాడుకునేది ఈ పదార్థమునే. గాయము మానగానే ఆ పని ఆగుతుంది, కణితిలో ఆగదు. పైగా కణితి వేయించుకున్న నాళములు గట్టు సరిగా వేయని బోదెల వంటివి. వంకరలు తిరిగి కారుతూ ఉంటాయి. కాన్సరు కణములు వాటిలో దూరి కాలేయమునకో ఊపిరితిత్తులకో చేరతాయి.

ఆ పదార్థమును పట్టి ఆపే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. దానికి ఆధారమైన పరీక్షలో, వ్యాపించిన పెద్దప్రేగు కాన్సరు గలవారిలో కీమో మాత్రమే పొందినవారు సగముమంది 15.6 నెలలు దాటి బ్రతికారు. ఈ మందు కూడ కలిపినవారిలో సగముమంది 20.3 నెలలు దాటారు. అయిదు నెలలైనా నిండలేదు గదా అని కొందరికి తోచవచ్చు. మాకు మాత్రము అవి తక్కువ నెలలుగా కనబడలేదు. రొమ్ము కాన్సరుకు ఇచ్చిన అనుమతిని, ఆయుష్షు పెరిగినట్లు తేలలేదని 2011లో తీసివేశారు. ఒక దారి మూస్తే కణితి వేరొక దారి వెదకుకొనగలదు.

మా పిన్నికి పెద్దప్రేగునుండి కాలేయమునకు పాకినప్పుడు కీమోతో కలిపి ఈ మందే ఎక్కించారు. ప్రతిసారి బి.పి. చూచేవారు, మూత్రము పరీక్షించేవారు. ఈ మందుతో బి.పి. పెరగవచ్చు, రక్తస్రావము కావచ్చు, అరుదుగా ప్రేగుకు చిల్లు పడవచ్చు. మన దేశపు కంపెనీలు కూడ 2016నుండి దీనిని అమ్ముతున్నాయి గాని ఖర్చు ఇప్పటికీ భారమే.

"రక్తం పట్టే తిండి పెట్టకండమ్మా, గడ్డే తాగేస్తుంది" అని చూడవచ్చిన చుట్టాలు చెప్పి వెళ్లేవారు. మందు ఆపేది నాళములను మొలిపించే పిలుపును గాని రోగి రక్తమును కాదు. తిండి మానితే కణితి మాడదు, రోగి కండలు కరిగిపోతాయి. పైగా పెద్దప్రేగు కాన్సరులో లోలోపల రక్తము పోయి చాలామంది ముందే పాలిపోయి ఉంటారు. పిన్నికి గ్రుడ్డు, పప్పు, ఆకుకూర మేము మాన్పించలేదు.

కణితులు చిన్నవయ్యాక కాలేయమునకు ఆపరేషను చేయవచ్చునన్నారు. అయితే ఈ మందు ఆఖరిసారి ఎక్కించిన తరువాత ఆరు వారములు ఆగాలన్నారు. "ఇంత దూరం వచ్చాక మళ్లీ వాయిదాలా?" అని బాబాయి కోపపడ్డారు. డాక్టరమ్మ ఆయనను కూర్చోబెట్టి చెప్పింది: కోసిన చోటు మానాలంటే అక్కడ కొత్త నాళములు రావాలి, దేహములో మందు ఉన్నంతకాలము అవి సరిగా రావు. ఈ లోపల పన్ను పీకించుకోవాలన్నా తనకు ముందు చెప్పమన్నది. బాబాయి ఇంటికి వచ్చి క్యాలెండరు మీద ఒక్కొక్క దినమే కొట్టివేస్తూ వచ్చారు. ఏడవ వారములో ఆపరేషను జరిగింది. రెండు వారములకు కుట్లు విప్పారు. గాయము పొడిగా ఉన్నది.