జోగ్జా బజారులో జిప్పు సంచి

“జావా వెళుతున్నారు గదా, బాటిక్ గుడ్డతో కుట్టిన చిన్న జిప్పు సంచి ఒకటి తెచ్చిపెట్టండి. అచ్చువేసింది కాదు సుమండీ, మైనం పెట్టింది” అని ప్రయాణమప్పుడు మా ఆవిడ మరీ మరీ చెప్పింది. ఆ రెండోమాట నేను సరిగా చెవిని వేసుకోలేదు.

యోగ్యకర్తను అక్కడివాళ్ళు ముద్దుగా జోగ్జా అంటారు. సుల్తానుగారి కోటకు ఉత్తరంగా పోయే మలియొబొరొ వీధిపక్కనే బెరింగ్‌హార్జో బజారు. లోపల అడుగుపెడితే ఎటు చూచినా గుడ్డలే! జోగ్జావారి సొంత బాటిక్ తెలుపు, నీలి, గోధుమ వన్నెలతో పెద్దమనిషి తరహాగా వుంటుంది. ఉత్తర తీరాన వున్న పెకలొంగాన్ గుడ్డలు అల్లా కావు. ఎరుపూ, పసుపూ, చిలకాకుపచ్చా కలిసి పెళ్ళివారి విడిదిలాగా వుంటాయి. ఆ రంగుల్లో ఒకదానికి మోజుపడి, బేరమాడి, నెగ్గానన్న సంతోషంతో రెండు గజాలు కొన్నాను. అమ్మినవాడు అది చేతిపని అనలేదు. నేను అడగనూ లేదు.

పక్క సందులో ఒక వృద్ధురాలు కుట్టుమిషను ముందు కూచుని, గోనెసంచీడు పేలికలు దగ్గర పెట్టుకుని జిప్పు సంచులు కుడుతూ వుంది. అక్కడ పెద్ద ఆడవాళ్ళను ‘ఇబు’ అంటారు, అంటే అమ్మ. “ఇబూ, దీనితో ఒక సంచి కుట్టిపెట్టాలి” అని ఇంగ్లీషు ముక్కలతోనూ, సైగలతోనూ చెప్పాను. ఆమె గుడ్డ అందుకుని పూలవంక చూడనేలేదు, ముందు తిరగేసింది. వెనుకవైపు రంగు వెలవెలబోతూ వుంది. “ప్రింటింగ్” అని మెల్లిగా అని, నావంక జాలిగా చూచింది.

తర్వాత తన పేలిక ఒకటి తీసి రెండువైపులా చూపించింది. ఏది ముందో, ఏది వెనుకో నాకు తెలియలేదు. కిటుకంతా అక్కడే వుంది. ‘చంతింగ్’ అనే రాగిముక్కు కలంలో కరిగిన మైనం పోసి గీతలు గీస్తారు. మైనం నూలులోకి దిగుతుంది. గుడ్డను రంగుతొట్టిలో ముంచితే మైనం వున్నచోట రంగు అంటదు. మరో రంగు కావాలంటే మళ్ళీ మైనం, మళ్ళీ తొట్టి. చివరకు మరిగే నీళ్ళలో వేసి మైనం కరిగిస్తారు. సన్నపని అయితే ఒక్క గుడ్డకు నెలలు పడుతుంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ రాగి అచ్చులతో మైనం అద్దే పద్ధతి వచ్చింది, అదీ బాటిక్కే. మైనమే ముట్టని అచ్చు మాత్రం కాదు. 2009లో యునెస్కో గౌరవించింది యీ మైనం విద్యనే. ఒకనాడు మచిలీపట్నం అద్దకాలు డచ్చివారి ఓడలెక్కి యీ దీవులకే వచ్చేవి. ఆ ప్రాంతంవాణ్ణి అయివుండీ నేను అద్దకం దగ్గరే బోల్తాపడ్డాను!

ఇబు పేలికల్లోంచి జోడైన ముక్కలు రెండు ఏరింది. “మరి నా గుడ్డో?” అన్నాను. లోపల అస్తరుకు పనికివస్తుందట. అసలు గుడ్డకు రెండువైపులా అందమే గదా, అస్తరెందుకని నా వాదన. ఆమె ఒక నాణెం తీసి గుడ్డమీద గీరి చూపించింది. నోరు మూసుకున్నాను.

పై గుడ్డకూ అస్తరుకూ మధ్య జిప్పును పెట్టి, పై గుడ్డ ముఖం జిప్పు ముఖంమీద వచ్చేటట్లు సర్ది కుట్టింది. రెండో అంచూ అంతే. తర్వాత పై ముక్కలు ఒకవైపు, అస్తరు ముక్కలు ఒకవైపు కలిపి, చుట్టూ కుట్టబోతూ జిప్పును సగం తెరిచింది. అది మరిచిపోతే సంచిని తిరగేయటానికి దారి వుండదు! అస్తరు అడుగున నాలుగు వేళ్ళ సందు వదిలి, అందులోంచి సంచిని బయటికి లాగి, ఆ సందు మూసేసింది. జిప్పు పట్టేస్తూ వుంటే పళ్ళమీద కొవ్వొత్తి ముక్క రుద్దింది. అక్కడా మైనమే!

ఇంటికి వచ్చి సంచి మా ఆవిడ చేతిలో పెట్టాను. పైకి ఒకసారి చూచి, జిప్పు లాగి, లోపలికి తొంగిచూచింది.

“లోపలి గుడ్డ ఎంత బాగుందండీ! ఇదెంత పెట్టి కొన్నారూ?” అంది.