ఎర్ర గ్లాసులో ఖూన్ ఎంత?

మన ఇళ్లల్లో ఎర్రగా కనిపించేదేదైనా ఖూన్ పెంచుతుందని ఒక గట్టి నమ్మకం. చుకందర్, అనార్, గాజర్... ఎవరికైనా ‘ఖూన్ కీ కమీ’ అని డాక్టర్ చెప్పాడంటే చాలు, సాయంత్రానికల్లా ఖాందాన్ మొత్తం నుంచి జ్యూసుల నుస్ఖాలు వచ్చిపడతాయి.

పోయినేడు మా బేటీ విషయంలో అదే జరిగింది. ఇంటర్ ఫస్టియర్. కాలేజీలో రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం, ఎప్పుడూ తలనొప్పి. టెస్టు చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2. ఆ వయసు ఆడపిల్లకు 12 ఉండాలి. డాక్టరమ్మ ఐరన్ గోలీలు రాసిచ్చింది. రాత్రికి మా ఆపా ఫోను. "గోలియాఁ నక్కో రే, గరం కర్తీఁ. రోజ్ సుబహ్ చుకందర్ కా జ్యూస్ పిలా, ఖూన్ భర్ జాతా" అంది. పక్కనే ఉన్న అమ్మీ కూడా తల ఊపింది.

నాది రాత్రి డెస్కు ఉద్యోగం. పొద్దున తీరిక నాకే కాబట్టి జ్యూస్ డ్యూటీ నామీద పడింది. సగం చుకందర్, ఒక గాజర్, పిడికెడు అనార్ గింజలు, ఒక ఉసిరికాయ, చిన్న అల్లం ముక్క. చక్కెర బదులు గింజ తీసిన ఖజూర్ రెండు. నీళ్లు పోసి మిక్సీ పట్టి, చివర్లో సగం నిమ్మకాయ పిండడం. వడగట్టకుండా తాగితే పీచు కూడా కడుపులోకి పోతుంది. పచ్చి పాలక్ కూడా వేయమన్నారు కొందరు. నేను వేయలేదు. పాలక్‌లో ఇనుము ఉన్నమాట నిజమే గానీ, అందులోని ఆగ్జలేట్లు దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. దాన్ని దాల్‌లో వండుకుని నిమ్మరసం పిండుకుంటేనే మేలు.

పత్రికలో పనిచేసేవాడికి లెక్క చూడకపోతే నిద్ర పట్టదు. చుకందర్ 100 గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువే. గాజర్‌లో, అనార్‌లో అందులో సగం కూడా లేదు. ఖజూర్లు కలుపుకున్నా గ్లాసు మొత్తానికి మహా అయితే ఒకటిన్నర మిల్లీగ్రాములు. మన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం పెద్ద వయసు ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. సర్కారు దవాఖానాలో ఇచ్చే ఎర్ర గోలీలో 60 ఉంటుంది. అంటే ఒక్క గోలీకి సాటి రావాలంటే అలాంటి గ్లాసులు 40 తాగాలి. చుకందర్ ఎరుపు బీటాలైన్ అనే రంగుది, ఖూన్ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. రెండింటికీ రిష్తా లేదు.

మరి జ్యూస్ దండగేనా? కాదు. దాని పని వేరు. గోష్త్‌లో ఉండే ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. దాల్, ఆకుకూరలు, రొట్టెలో ఉండే ఇనుము మొండిది. పేగులు దాన్ని లోపలికి తీసుకోవాలంటే విటమిన్ సి సాయం కావాలి. మన గ్లాసులో అసలు హీరో చుకందర్ కాదు, ఉసిరి, నిమ్మకాయ. అందుకే పరగడుపున తాగే జ్యూస్‌ను మేం మధ్యాహ్నం ఖానా దగ్గరికి మార్చాం. డాక్టరమ్మను అడిగితే గోలీ కూడా దాంతోనే వేసుకోమంది. హలీం మీద నిమ్మచెక్క పిండుకునే మన పెద్దలు రుచి కోసమే చేసినా పని మంచిదే చేశారు. చుగర్ గోష్త్, అంబాడా గోష్త్, పాలక్ గోష్త్ కూడా అంతే. ఆకుకూరతో కాస్త మాంసం కలిస్తే ఆకులోని ఇనుము కూడా బాగా పడుతుంది. కలేజీ, తిల్లీ అయితే ఇనుము ఖజానాలే. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం కలేజీ జోలికి పోకపోవడం మంచిది, అందులో విటమిన్ ఏ మోతాదు ఎక్కువ.

ఇక ఈ కథలో దొంగ ఒకడున్నాడు. చాయ్! ఖానా కాగానే చాయ్ పడకపోతే మనకు దస్తర్‌ఖాన్ ఎత్తినట్టుండదు. ఆ చాయ్‌లోని టానిన్లు తిన్న ఇనుమును పట్టుకుని బయటికే పంపేస్తాయి. సహరీలో చివరి నిమిషంలో గటగటా తాగే చాయ్ కూడా అంతే. చాయ్ మానమని ఎవరూ అనడం లేదు, ఖానాకూ చాయ్‌కీ మధ్య ఒక గంట ఫాస్లా ఉంచితే చాలు. గోలీని పాలతో వేసుకోవడమూ వద్దు.

బేటీకి రెండోసారి టెస్టుకు వెళ్లినప్పుడు మా బేగంను కూడా చేయించుకోమన్నాను. "మేరేకు క్యా హుయా జీ? నక్కో, పైసే జ్యాదా హుయే క్యా?" అంది. బేటీ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. రిపోర్టు వచ్చింది. 8.1. కూతురి కంటే తక్కువ.

ఆ రోజు ఇంటికొచ్చాక బేటీ ఒక మాట చెప్పింది. "అబ్బా, అమ్మీ రోజూ జ్యూస్ తాగదు. మిక్సీ జార్‌లో నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు తాగుతుంది." మన ఇళ్లల్లో ఈ దృశ్యం ఎవరికి కొత్త? కలేజీ ముక్కలు మగపిల్లల ప్లేటులోకి, షోర్బా అమ్మీ ప్లేటులోకి. అందరూ తిన్నాక "మై బాద్ మే ఖాతూఁ" అనే గొంతు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. దేశంలో అదే వయసు మగవాళ్లలో 25 శాతం. నెలనెలా పోయే ఖూన్, కాన్పులు కొంత కారణం. దస్తర్‌ఖాన్ మీద చివరి వంతు కూడా ఒక కారణం.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో రెండు గ్లాసులు. అమ్మీ తాగాకే బేటీ తాగుతుందని బేటీయే ఖానూన్ పెట్టింది. గోలీలు ఇద్దరికీ. మొదటి వారం బేగంకు కడుపు బిగుసుకుపోయి మానేస్తానంది. డాక్టరమ్మ రోజు విడిచి రోజు వేసుకోమంటే తట్టుకుంది. గోలీలతో మలం నల్లగా వస్తుంది, చుకందర్‌తో మూత్రం ఎర్రగా రావచ్చు. ముందే తెలిస్తే ఘబ్రాహట్ ఉండదు. మూడు నెలల తర్వాత బేటీకి 11.7, బేగంకు 10.8. అల్హందులిల్లా. గోలీలు ఇంకా నడుస్తున్నాయి. హిమోగ్లోబిన్ పెరిగినా ఒంట్లో ఇనుము నిల్వ నిండడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది.

ఇంకో మాట. ఖూన్ తక్కువైన ప్రతిసారీ కారణం ఇనుమే కానక్కర్లేదు. దగ్గరి రిష్తాల్లో షాదీలు చేసుకునే ఖాందాన్‌లలో థలసేమియా కూడా చూసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఈ జ్యూస్ మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాలి.

ఖుర్‌ఆన్‌లో ఇనుము పేరు మీదే ఒక సూరా ఉంది, సూరె హదీద్. ఇనుములో బలమూ ఉంది, మనుషులకు ఫాయిదాలూ ఉన్నాయని అందులో అల్లా చెప్పాడు. ఆ మనుషుల్లో మన అమ్మీలు, ఆపాలు, బేగంలు, బేటీలు కూడా ఉన్నారు. ప్రైమరీ హెల్త్ సెంటర్లో ఈ టెస్టుకు పైసా ఖర్చు లేదు, గోలీలకూ లేదు. ఈ వారం ఇంట్లో ఆడవాళ్లందర్నీ తీసుకెళ్లండి. "మేరేకు క్యా హుయా" అనేవాళ్లను ముందు తీసుకెళ్లండి.