చువ్వ బిగువు తెలిసిన చెయ్యి

నేనుండే కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీకి 1884లో నిలిపిన స్మారకం ఉంది. చక్రపు చువ్వలను ఒకదాని మీదుగా ఒకటి దాటించి బిగించే పద్ధతికి 1874లో పేటెంటు తీసుకున్నవాడాయన. అదే అల్లిక ఈనాటికీ కోలారు జిల్లా రోడ్లమీద బుల్లెట్ బళ్ల కింద తిరుగుతోంది. ఆ అల్లిక తెలిసినవాడికి మాత్రం మన దగ్గర విడిగా ఒక గుర్తింపు లేదు. పంక్చర్ పనితో పాటే అదీ అనుకుంటాం. స్పోకులు కట్టడాన్ని ప్రత్యేకంగా నేర్పి, తగిన కూలి ఇచ్చే పని ఆ జిల్లాలోని బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లోనే మొదలవ్వాలని నా వాదన.

బండి బరువును కింది స్పోకులు స్తంభాల్లా మోస్తాయని చాలామంది అనుకుంటారు. అంత సన్నని చువ్వ తోస్తే వంగిపోతుంది. దాని బలమంతా లాగడంలోనే. నవారు మంచం బిగువు వల్ల మనిషిని మోసినట్టే, స్పోకులన్నీ ముందే బిగిసి ఉండబట్టి చక్రం నిలుస్తుంది. బరువు పడినప్పుడు కిందివాటి బిగువు కాస్త తగ్గుతుంది, అంతే. చెయిన్ లాగినప్పుడూ బ్రేకు పట్టినప్పుడూ ఆ బలం హబ్బు నుంచి రిమ్ముకు అందాలి కాబట్టి సగం స్పోకులు ముందుకు, సగం వెనక్కి లాగేలా దాటిస్తారు. 36 స్పోకుల చక్రమైతే తొమ్మిదేసి చొప్పున నాలుగు జట్లు: హబ్బుకు రెండు పక్కలా లోపలివీ, బయటివీ. చాలా బళ్లలో ఈ రెండు రకాల వంపులు వేరు. తారుమారైతే అల్లిక కుదరదు. అల్లడం అయ్యాక అసలు పని మొదలవుతుంది. చక్రాన్ని స్టాండుమీద తిప్పి, పక్కకు ఊగుతోందా, పైకీ కిందికీ గెంతుతోందా అని చూస్తూ స్పోకును రిమ్ముకు బిగించే నిపుల్‌ను పావు చుట్టు చొప్పున తిప్పాలి. ఒకచోట సరిచేస్తే మరోచోట మారుతుంది. స్పోకును తట్టి, మోగే తీరును బట్టి వదులును పసిగట్టే చెవి కూడా కావాలి. ఒకటి వదులైతే పక్కవాటిమీద భారం పెరిగి, వంపు దగ్గర లోహం అలసి విరుగుతుంది. ఇంత ఓర్పు, ఇంత లెక్క కావలసిన పనిని చిల్లర పనిగా చూడటం అన్యాయం.

అల్లాయ్ వీల్స్ వచ్చాక ఇదంతా ఎందుకని అడుగుతారు. వాటికి వేసే ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, అది నిజంగా రక్షణే, కాదనను. అయితే గుంతలో పడి పగిలిన అల్లాయ్‌ని మొత్తంగా మార్చాల్సిందే. స్పోకు చక్రంలో విరిగినదాన్నే మార్చవచ్చు, రిమ్ము పాడైతే అదే హబ్బుకు కొత్తది అల్లవచ్చు. పైగా 2024లో హిమాలయన్ 450 బండికి ట్యూబ్‌లెస్ స్పోకు చక్రాలు కూడా వచ్చాయి. కాబట్టి ఈ అల్లిక కాలం చెల్లినది కాదు. ఫ్యాక్టరీల్లో యంత్రాలే బిగిస్తున్నాయిగా అంటారా, అవి కొత్త చక్రాన్ని బిగిస్తాయి. దెబ్బతిన్న చక్రం ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా వంకరపోతుంది. దాన్ని చూసి తీర్చాల్సింది మనిషే.

కె.జి.ఎఫ్.నే ఎందుకు ఎంచానంటే, అది లోహంతో పనిచేసిన చేతుల ఊరు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా, మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గనిలోకి మనుషులను దించి పైకి తెచ్చిన యంత్రాలను ఫిట్టర్లే కాపాడారు. గనులు మూతపడ్డాక ఆ ఇళ్ల పిల్లలెందరో మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు పోయివస్తున్నారు. అదే జిల్లాలోని నరసాపురలో 2013 నుంచి హోండా ద్విచక్ర వాహనాలు తయారుచేస్తోంది. బండి తయారయ్యే జిల్లాలో బండి బాగుచేసే విద్యకు చోటుండాలి. ఈ పనిలో డబ్బు లేదు, పిల్లలు రారు అనే మాట వాస్తవమే. మనం తగిన కూలి ఇవ్వకపోవడమే దానికి కారణం. కోలారు, కె.జి.ఎఫ్. ఐటీఐలు చక్రం అల్లికను విడి పాఠంగా పెట్టి, పరీక్ష నడిపి, ధ్రువపత్రం ఇవ్వాలి. బండి ఉన్నవాళ్లు చక్రం సరిచేయించుకున్న రోజున ఆ శ్రమకు తగ్గ కూలి ఇవ్వండి, బేరమాడకండి.